ఊరు కదల్లేదు, గీతే కదిలింది

పోయిన ఆదివారం సత్యవేడు మిత్రుడితో కలిసి నాగలాపురం వెళ్లాం. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాదేవి పేరు పెట్టిన ఊరది. ఆయన కట్టించిన వేదనారాయణస్వామి గుడిలో ఏటా మార్చిలో మూడు రోజులు సాయంత్రపు ఎండ గర్భగుడిలోకి వస్తుంది. తొలిరోజు పాదాల మీద, మలిరోజు నాభి మీద, మూడోరోజు శిరసు మీద పడుతుంది. అప్పుడు ఇసకేస్తే రాలనంత జనం. మేం వెళ్లిన రోజు మాత్రం పదిమంది కూడా లేరు.

గుడి బయట టీకొట్టాయన మాతో తెలుగు, పక్కాయనతో తమిళం మాట్లాడుతున్నాడు. మేం ఆశ్చర్యంగా చూస్తే మిత్రుడు నవ్వాడు. "మా తాత సత్యవేడు దాటకుండానే రెండు రాష్ట్రాలు చూసినాడబ్బా!"

నిజమే. 1960 ఏప్రిల్ 1న సత్యవేడు ప్రాంతం మద్రాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లా నుంచి చిత్తూరు జిల్లాకు వచ్చింది. తిరుత్తణి అటు పోయింది. 2022లో సత్యవేడు తిరుపతి జిల్లాలో చేరింది. చిరునామా మారింది, ఊరు కదల్లేదు.

నాటి పటాస్కర్ సూత్రం గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని ఏ భాషవాళ్లు ఎక్కువో లెక్కగట్టింది. ఆ లెక్క తప్పని మేమనం. మరి రెండు భాషల్లో బతికే ఈ టీకొట్టాయన ఏ లెక్కలోకి వస్తాడు?

భాష కలిస్తే రాష్ట్రం రావచ్చు. బతుకు బాగుపడాలంటే బడి, నీళ్లు, కొలువు కావాలి. కొత్త రాష్ట్రం కోరే మనమూ ఇది మరవొద్దు. గీత గీయడం సగం పనే. గీత పక్కన మిగిలిపోయే మనిషికి జవాబు చెప్పడం మిగతా సగం.