పతాకము - సంచి

పుంగనూరు ఒకప్పుడు జమీందారీ. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము జమీందారీల కాలమును ముగించినది. నేడు పట్టణ పాలనము పౌరులెన్నుకొను పురపాలక సంఘమునకు చెందినది. ఎన్నిక మాత్రముననే స్వపరిపాలనము సిద్ధించునా? ఇటలీలోని ఫ్లారెన్సు నగర చరిత్రము ఇందులకు సమాధానము చెప్పుచున్నది.

1293లో ఆ నగరమువారు న్యాయపతాకధారి యను అధికారి నేర్పరచిరి. పదవీకాలము రెండు నెలలే. తరువాతి కాలమున, పేర్ల చీట్లను సంచులలో నుంచి తీయుచుండిరి. 1434 పిమ్మట మెడిచీ వంశమువారు పతాకమును కూల్చలేదు. సంచులలో చీట్లు వేయువారిని తమవారిని గావించుకొనిరి. పదవులు నిలిచినవి, స్వాతంత్ర్యము పోయినది. 1532లో ఆ పదవియు రద్దయ్యెను.

చోళరాజగు పరాంతకుని నాటి ఉత్తరమేరూరు శాసనమున తాటాకు చీట్లను కుండలో వేసి సభ్యులను తీయు విధానము కలదు. లెక్కలొప్పగింపనివాడును, వాని బంధువులును అనర్హులు. భూవసతి గల కొందరికే అర్హత యుండుట అందలి దోషము. లెక్క లడుగుట గుణము. దోషమును 1950 నాటి రాజ్యాంగము వయోజన వోటుతో తొలగించినది. గుణమును మనము నిలుపుకొనవలసి యున్నది.

కావున పుంగనూరు పౌరులకు మా మనవి యొక్కటే: వోటు వేసిన నాటితో మీ విధి తీరలేదు. అభ్యర్థుల నెవ్వరు నిర్ణయించుచున్నారో, పన్నుల సొమ్ము ఎట్లు వ్యయమగుచున్నదో అడుగుడు. జెండా మోయువానిని జూచి మురియకుడు. సంచి పట్టినవానిని కనిపెట్టి యుండుడు.