కురుస్తున్న పక్కా ఇళ్ళు

పేదలకు ఇన్ని లక్షల ఇళ్ళు కట్టించామని ప్రభుత్వాలు లెక్కలు చెబుతాయి. అది ఎప్పుడూ కట్టిన ఇళ్ళ లెక్కే గాని నిలిచి ఉన్న ఇళ్ళ లెక్క కాదు. 1985లో ఇందిరా ఆవాస్ యోజన ప్రారంభమైన నాటినుండి పథకం పేరు మారింది, గోడమీది బొమ్మ మారింది, ఇచ్చే సొమ్ము పెరిగింది. కాని కట్టిన ఇల్లు ఇరవై ఏళ్ళకు ఏ స్థితిలో ఉన్నదని అడిగే నాథుడు లేడు. ఆ ప్రశ్న మనం అడగాలి.

వానాకాలంలో ఏ ఊరి కాలనీకైనా వెళ్ళి చూడండి. స్లాబు పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు బయటపడి ఉంటాయి. ఉప్పుగాలి తగిలే కోస్తా ఊళ్ళలో ఈ తుప్పు మరీ తొందరగా పడుతుంది. పైన టార్పాలిను పరచి రాళ్ళు బరువు పెట్టుకుంటారు. కురిసేచోట గిన్నెలు పెట్టి, కురవని మూలకు పిల్లలను చేర్చి, ఆ ఇల్లాలు కూర్చునే తెల్లవారుస్తుంది. అయినా సర్కారు దస్తరంలో అది పక్కా ఇల్లు. ఆ కుటుంబం ఇల్లు లేని కుటుంబం కాదు.

పక్కా ఇల్లంటే ఏమిటి? 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ నిబంధనలు దీనికి నిర్వచనం చెప్పాయి. వాడకానికీ, ఎండవానలకూ తట్టుకుంటూ, తగినంత మరమ్మతు జరుగుతూ ఉంటే, కనీసం 30 ఏళ్ళు నిలిచేది పక్కా ఇల్లని దాని సారాంశం. తగినంత మరమ్మతు జరుగుతూ ఉంటే! ఆ షరతు రాసిన చేయి దానికి ఒక్క పైసా కేటాయించలేదు. మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000 రూపాయలు – అంతా కొత్త ఇంటికే. 2024 ఆగస్టులో మరో 2 కోట్ల ఇళ్ళకు ఆమోదం తెలిపినప్పుడూ ఈ పద్ధతి మారలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ళ పథకం 5 లక్షల రూపాయలు ప్రకటించింది. అదీ కొత్త ఇంటికే.

అన్యాయం ఇక్కడితో ఆగలేదు. 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణనను ఆధారం చేసుకొని 2016లో అర్హుల జాబితా తయారుచేసినప్పుడు, పక్కా కప్పుగాని పక్కా గోడగాని ఉన్న కుటుంబాలను మొదటనే ఏరి పక్కన పెట్టారు. ఆ కప్పు కురుస్తున్నదా, ఆ గోడ బీటలు వారిందా అన్నది ప్రశ్నే కాలేదు. అంటే ఒకప్పుడు ప్రభుత్వం ఇచ్చిన ఇల్లే నేడు ఆ పేదవాని పాలిట అనర్హత అయింది. కొత్త ఇంటికి అతడు అర్హుడు కాడు. పాత ఇల్లు బాగుచేసుకోవడానికి పథకం లేదు.

వెనుక ఒక చిన్న ఏర్పాటు ఉండేది. 1999-2000 నుండి ఇందిరా ఆవాస్ నిధులలో నూటికి 20 పాళ్ళ వరకు కచ్చా ఇళ్ళను మెరుగుపరచడానికి వాడుకోవచ్చునన్నారు. మొదట ఇంటికి 10,000 రూపాయలు, 2008 నుండి 15,000. అది కూడా పూరిగుడిసెను మార్చడానికే గాని, తాము కట్టించిన ఇంటిని నిలబెట్టడానికి కాదు. 2016 పథకం ఆ పాటి దారిని కూడా మూసివేసింది.

దీని వెనుక ఉన్న ఆర్థిక సత్యాన్ని గుర్తించాలి. తాటాకు ఇంటిని కూలివాడు రెండు మూడేళ్ళకొకసారి తన చేతులతో, ఇరుగుపొరుగు సాయంతో తిరిగి నేసుకునేవాడు. రాయలసీమలో మట్టిమిద్దె మీద వానలకు ముందు చౌడు పోసుకునేవారు. ఆ మరమ్మతుకు కావలసినది ముఖ్యంగా శ్రమ. సిమెంటు స్లాబుకు కావలసినది రొక్కం. ఇంటికప్పు మారడంతో మరమ్మతు పేదవాని చేతినుండి జారి బజారులో పడింది.

తాటాకు ఇల్లే మేలని నేననడం లేదు. ఆ ఇల్లు తగలబడిపోతుంది, ఎగిరిపోతుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఆ పాఠాన్ని వేల ప్రాణాల ఖరీదుతో నేర్పింది. పక్కా ఇల్లు పేదవాని న్యాయమైన కోరిక. అయితే ఆ ఇంటితోపాటు వచ్చే ఖర్చును, రోజుకూలితో బ్రతికే మనిషి నెత్తిన పెట్టి తప్పుకోవడం న్యాయం కాదు. అతడు వడ్డీవ్యాపారి దగ్గరకు పోతాడు, లేదా భార్య డ్వాక్రా అప్పు తెచ్చి స్లాబుమీద పోస్తుంది. గోరుచుట్టుమీద రోకటిపోటులా, అతడు కొనే సిమెంటుమీద 2017 జూలై నుండి 2025 సెప్టెంబరు దాకా 28 శాతం పన్ను వసూలు చేశారు. ఇప్పుడది 18 శాతం. మరమ్మతుకు ఇవ్వని సర్కారు మరమ్మతునుండి పుచ్చుకుంటున్నది!

మరమ్మతు సొమ్ము దారిమళ్ళుతుందనీ, దానిని తనిఖీ చేయడం కష్టమనీ అధికారులు అంటారు. కొత్త ఇంటి బిల్లులు పునాదికి, గోడకు, కప్పుకు అంచెలంచెలుగా తనిఖీ చేసి ఇవ్వగలిగినవారు, కురిసిన కప్పు కురవడం మానిందో లేదో చూడలేరా? హర్యానా ప్రభుత్వం పాత ఇళ్ళ మరమ్మతుకు 80,000 రూపాయలిచ్చే పథకం పెట్టగలిగింది. పెట్టుబడిదారీ దేశమైన అమెరికా సైతం తన 1949 గృహచట్టం 504వ సెక్షను కింద, అప్పు తీర్చలేని గ్రామీణ వృద్ధులకు ఇంటి మరమ్మతు గ్రాంటు ఏర్పాటు చేసింది. కష్టం తనిఖీలో లేదు. మరమ్మతుకు శంకుస్థాపన ఉండదు, రిబ్బను ఉండదు, శిలాఫలకం మీద పేరు ఉండదు. అసలు కష్టం అదీ.

మనవారిలోనూ కొందరు పెదవి విరుస్తారు: ఇది అతుకులు వేసే సంస్కరణవాదమనీ, సొంత ఇంటి భ్రమను ఎంగెల్స్ 1872లోనే ఖండించాడనీ. నిజమే. కాని ఎంగెల్స్ ఖండించినది, కార్మికునికి సొంత ఇల్లిస్తే దోపిడీ అంతరిస్తుందన్న భ్రమను. కూలివాని కప్పు కూలిపోతే మనకేమని ఊరుకోమని ఆయన ఎక్కడా చెప్పలేదు. వానకు తడిసి, నిద్రలేక, జ్వరపడిన కూలీ మరునాడు పనికి పోలేడు. ఇంటి మరమ్మతు కూలిరేటు పోరాటానికి పరాయి విషయం కాదు. అది కూలిలోని భాగమే.

కాబట్టి మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ఇంటికి "పక్కా" అన్న ముద్ర చూసి కాదు, దాని వయస్సూ స్థితీ చూసి అర్హత నిర్ణయించాలి. ప్రభుత్వం కట్టించిన ప్రతి ఇంటికీ నిర్ణీత కాలానికొకసారి మరమ్మతు గ్రాంటు హక్కుగా ఉండాలి. ఆ మొత్తం సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి ధరలతోపాటు పెరగాలి. జాబితాను గ్రామసభలో చదివి, పంచాయతీ గోడకు అంటించాలి. బాగుచేయడానికి వీలులేని ఇంటివారికి కొత్త ఇల్లు ఇవ్వాలి.

విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ పనిని వచ్చే వానలకు ముందే మొదలుపెట్టవచ్చు. మీ ఊరి కాలనీలో ఇల్లిల్లూ తిరిగి, ఏ సంవత్సరంలో కట్టినది, ఎక్కడ కురుస్తున్నది, ఎంత అప్పు చేశారు అన్న మూడు సంగతులు రాసుకోండి. ఆ కాగితాన్ని గ్రామసభ ముందు పెట్టండి. ప్రభుత్వం చెప్పే లెక్కకు ప్రజల దగ్గర ఉండవలసిన జవాబు ఆ లెక్కే.