అమ్మమ్మ ఇచ్చిన రక్తం

ఇంట్లో బిడ్డ పుడితే చాలు... చూడ్డానికి వచ్చినవాళ్లంతా పోలికలు వెతకడం మొదలుపెడతారు. ముక్కు నానమ్మదనీ, నవ్వు మేనమామదనీ సరదాగా వాదులాడుకుంటారు. మరి పుట్టిన బిడ్డే కనిపించకుండా పోతే? పోల్చి చూడ్డానికి కన్నవాళ్లు కూడా బతికి లేకపోతే? ఎన్నో ఏళ్ల తర్వాత ఎదురుపడిన ఆ బిడ్డ మన ఇంటివాడేనని తేల్చుకునేదెలా? అర్జెంటీనాలో కొందరు పెద్దావిడలకు నిజంగానే ఎదురైన ప్రశ్న ఇది.

1976 మార్చిలో అక్కడ సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. 1983 దాకా సాగిన ఆ పాలనలో, ప్రభుత్వానికి వ్యతిరేకులన్న నెపంతో వేలమందిని ఎత్తుకెళ్లి మాయం చేశారు. వాళ్లలో గర్భిణులూ ఉన్నారు. కాన్పు అయ్యేదాకా నిర్బంధంలో ఉంచి, ఆ తర్వాత తల్లిని చంపేసి, పసిగుడ్డును ఇంకెవరికో ఇచ్చేసేవారు. అలా తీసుకున్నవాళ్లలో సైనికాధికారులూ పోలీసులూ కూడా ఉన్నారు. దాదాపు 500 మంది పిల్లలు ఇలా పరాయి ఇళ్లకు చేరారని అంచనా.

బిడ్డలు ఎలాగూ రారు, మనవలనైనా దక్కించుకోవాలనుకున్నారు ఆ తల్లులు. 1977లో 12 మంది కలిసి ‘ప్లాజా డి మాయో నానమ్మలు’గా ఏర్పడ్డారు. ప్లాజా డి మాయో అంటే రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో అధ్యక్ష భవనం ఎదుట ఉన్న కూడలి. మాయమైనవారి తల్లులు నిరసన తెలిపేది అక్కడే.

తండ్రి ఎవరో తేల్చే రక్తపరీక్షలు అప్పటికే ఉన్నాయి. కానీ తల్లీతండ్రీ ఇద్దరూ లేనప్పుడు దారేది? నానమ్మలు దేశాలు తిరిగి శాస్త్రవేత్తల్ని అడిగారు. అమెరికాకు చెందిన జన్యుశాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 1984 నుంచి వాళ్లకు తోడుగా నిలిచారు. తాతలు, నానమ్మలు, అమ్మమ్మల రక్తంతో మనవల్ని గుర్తించే పద్ధతి అలా అక్కరకొచ్చింది. తర్వాత మైటోకాండ్రియల్ డీఎన్ఏ మరింత సాయపడింది. ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. అంటే అమ్మమ్మలో ఉన్నదే అమ్మలో, అమ్మలో ఉన్నదే బిడ్డలో! మధ్యలో అమ్మ లేకపోయినా అమ్మమ్మో, మేనమామో, పిన్నో ఉంటే చాలన్నమాట. 1987లో ప్రభుత్వం చట్టం చేసి జాతీయ జన్యు సమాచార బ్యాంకును ఏర్పాటుచేసింది. మనవల కోసం వెతుకుతున్న కుటుంబాల నమూనాలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి.

ఆ సంఘానికి అధ్యక్షురాలైన ఎస్తెలా కార్లొట్టో కథే చూడండి. ఆవిడ కూతురు లారా 1978 జూన్‌లో నిర్బంధంలోనే మగబిడ్డను కంది. ఆగస్టులో ఆమెను చంపేశారు. బిడ్డకు తన తండ్రి పేరే... గీడో అని పెట్టుకుంది లారా. ఇతరుల మనవల్ని వెతికిపెడుతూనే ఎస్తెలా తన మనవడి కోసం 36 ఏళ్లు ఎదురుచూశారు. చివరికి 2014లో, తాను పెంపుడు బిడ్డనని తెలుసుకున్న ఓ సంగీత కళాకారుడు తనంతట తానే వచ్చి రక్తం ఇచ్చాడు. అతనే గీడో! అప్పటికి ఆ అమ్మమ్మకు 83 ఏళ్లు.

అయితే కథ ‘అందరూ ఒక్కటయ్యారు’ అన్నంత తేలిగ్గా ముగియదు. అతను ఇగ్నాసియో అన్న పెంపుడు పేరునే ఉంచుకున్నాడు. ఇంటిపేర్లు మాత్రం కన్నవాళ్లవి తీసుకున్నాడు. పరీక్షకు ససేమిరా అన్నవాళ్లూ ఉన్నారు. అమ్మానాన్నా అని పిలిచినవాళ్లను తన రక్తమే జైలుకు పంపుతుందంటే ఎవరికైనా చేయి చాపడం కష్టమే కదా! అలాంటప్పుడు టూత్‌బ్రష్‌, దువ్వెనలాంటి వస్తువుల నుంచీ డీఎన్ఏ సేకరించేందుకు కోర్టులకు వీలు కల్పిస్తూ 2009లో చట్టం తెచ్చారు. నిజం తెలుసుకోవడం ఆ ఒక్కరి ఇష్టమా? ఏళ్ల తరబడి వెతుకుతున్న కుటుంబం హక్కు కాదా? ఈ ప్రశ్నపై అక్కడ పెద్ద చర్చే జరిగింది.

2025 జులై నాటికి 140 మంది ఆచూకీ తేలింది. మిగిలినవాళ్లు ఇప్పుడు యాభైకి అటూ ఇటూ ఉంటారు. నానమ్మల్లో చాలామంది కన్నుమూశారు. రేపు ఎవరో ఓ నడివయసు మనిషి అనుమానంతో బ్యాంకు గుమ్మం తొక్కొచ్చు. ఎదురొచ్చి కౌగిలించుకోవడానికి నానమ్మ ఉండకపోవచ్చు. నువ్వు మా బిడ్డవేనని చెప్పడానికి ఆవిడ ఇచ్చి వెళ్లిన రక్తం మాత్రం ఉంటుంది.