ఎలుక బాధకు ఇల్లు తగలబెట్టుకుందామా?

ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్నవాణ్ణి చూసి మన పెద్దలు నవ్వారు. కంప్యూటరు మరమ్మతు పేరిట ఊరూరా జరుగుతున్నది అదే. తెర మీది బాణం గుర్తు దానంతటది పరుగులు తీస్తే చాలు, మొదటి మాట వైరస్, రెండవ మాట ఫార్మాట్. కారణం వెతకని ఈ పనిని చికిత్స అనడానికి నేను ఒప్పుకోను.

గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే మా మేనమామగారి కొట్టులో జరిగింది వినండి. కంప్యూటరు పెట్టగానే బాణం మూలమూలలకూ ఎగిరేది, ఎవరూ నొక్కకుండానే ఫైళ్ళు తెరుచుకునేవి. రెండు మౌసులు మార్చారు. మూడవ రోజున మరమ్మతుదారు డిస్కంతా తుడిచిపెట్టాడు. మూడేళ్ళ పద్దులు పోయాయి. ఏ రైతుకు ఎంత ఇచ్చారో, ఎంత రావాలో నోటిమాట మీద తేల్చుకోవలసి వచ్చింది. ఆ సాయంత్రమే బాణం మళ్ళీ ఎగిరింది!

దోషి మౌసు కాదు, పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్ కాటా. దాని తీగ ఊడదీసి కంప్యూటరు పెట్టి చూపించాను. బాణం బుద్ధిగా నిలబడింది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఒకప్పుడు మౌసులు సీరియల్ పోర్టుకు తగిలించేవారు. విండోస్ ఆ పోర్టును పలకరిస్తే మౌసు ఒక అక్షరంతో తన ఉనికిని చాటేది, ఆపైన సెకనుకు 1200 బిట్ల చొప్పున తన కదలికలను పంపేది. ఆ పలకరింపు నేటికీ పోలేదు. కాటా గానీ, జీపీఎస్ పరికరం గానీ ఎడతెరిపి లేకుండా అంకెలు పంపుతుంటే, ఆ గోలలో ఏదో ఒకటి మౌసు జవాబులా వినబడుతుంది. అంతే, కాటా కాస్తా "మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్" అనే పేరుతో మౌసుల జాబితాలో చేరిపోతుంది. తూకపు అంకెలన్నీ బాణానికి ఆజ్ఞలవుతాయి.

నా ఆగ్రహం మరమ్మతుదారు మీద కంటే తయారీదారుల మీదనే ఎక్కువ. ఈ పొరపాటు వారికి తెలియనిది కాదు. విండోస్ ఎన్‌టీ కాలంలోనే ఈ వెతుకులాటను ఆపేందుకు "నోసీరియల్‌మైస్" అనే మీట పెట్టారు. మీట పెట్టినవారు కొట్టులో కూర్చునే మనిషికి కనబడేలా ఒక్క హెచ్చరిక పెట్టలేకపోయారా? కొత్త మౌసు వచ్చిందని చెప్పి, ఉంచమంటారా అని అడిగితే వారి సొమ్మేం పోయింది?

తీగలేని మౌసులదీ ఇదే కథ. యూఎస్‌బీ 3.0 పరికరాల నుండి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియో మౌసులను దెబ్బతీస్తుందని ఇంటెల్ సంస్థ 2012లోనే పత్రం ప్రచురించింది. బయటి హార్డ్‌డిస్కు పక్కనే మౌసు రిసీవరు గుచ్చితే బాణం తడబడడం అందువల్లనే. ఒక చిన్న పొడిగింపు తీగతో రిసీవరును దూరంగా జరిపితే చాలు. ఆ మాట ఎన్ని పెట్టెల మీద చదివారు మీరు?

"గిరాకీ తొందరపెడతాడు, వెతకడానికి తీరికెక్కడిది?" అంటారు మరమ్మతుదారులు. డిస్కు తుడిచి అన్నీ తిరిగి ఎక్కించడానికి పూట పడుతుంది. కీబోర్డు, మౌసు తప్ప మిగిలిన తీగలన్నీ ఊడదీసి చూడడానికి పది నిమిషాలు చాలు. తీరిక లేకపోవడం కాదిది, అడిగే అలవాటు లేకపోవడం.

కనుక మిత్రులారా, బాణం గంతులేస్తే ముందు తీగలు ఊడదీయండి. ఒక్కొక్కటే తగిలిస్తూ, ప్రతిసారీ కంప్యూటరును మళ్ళీ పెట్టి చూడండి. డివైస్ మేనేజరులో మౌసుల జాబితా తెరవండి. మీకు లేని మౌసు అక్కడ కనబడితే దాన్ని తొలగించకండి, తొలగిస్తే మళ్ళీ పుడుతుంది. డిజేబుల్ చేయండి. కాటా తన పని తాను చేసుకుంటుంది.

ఇవన్నీ చేయకముందే ఎవరైనా ఫార్మాట్ అంటే, "ఏ కారణం చేత?" అని అడగండి. జవాబు రాకపోతే కంప్యూటరు తిరిగి ఇంటికి తెచ్చుకోండి. అందులో ఉన్నవి మీ పద్దులు.