చచ్చాక సరే, ఇప్పుడో?

"నిత్యజీవం" అనగానే మన ఐటీ జనాల్లో చాలామంది అనే మాట ఒకటే: బతికుండగా ఏమీ ఇవ్వలేనివాడు చచ్చాక స్వర్గం ఇస్తానంటాడు అని. మార్క్స్ చెప్పిన నల్లమందు వాదనే. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం గానీ, మా గూడూరు వైపు జరిగిన కథ ఒకటి ఇందులో ఇమడదు.

గూడూరు, డోర్నకల్ ఇప్పుడు ఒకే జిల్లా, మహబూబాబాద్. డోర్నకల్ చాలామందికి రైల్వే జంక్షన్‌గానే తెలుసు. నిజాం కాలంలో, 1909లో, తిరునల్వేలి ప్రాంతం నుంచి వేదనాయగం శామ్యూల్ అజరయ్య అక్కడికి మిషనరీగా వచ్చారు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. డోర్నకల్ డయోసిస్‌లో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగలు. 1941 నాటికి సభ్యులు రెండు లక్షలు దాటారు.

చనిపోయినా మళ్ళీ లేస్తారనే కదా వీళ్ళకి చెప్పింది? మరి చేతులు కట్టుకుని కూచున్నారా? లేదే! పిల్లల్ని బడికి పంపారు. తమలోంచే ఉపదేశకుల్ని, పాస్టర్లని తయారుచేసుకున్నారు. డోర్నకల్ కెథడ్రల్ కట్టడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది, 1939లో ప్రతిష్ఠ జరిగింది. రేపో మాపో పైకి పోతామనుకునేవాళ్ళు అన్నేళ్ళ ప్రాజెక్టు నెత్తినేసుకుంటారా?

ఇక్కడ చాలామంది గమనించని తేడా ఒకటుంది. పాత బట్ట విడిచినట్టు ఆత్మ ఒంటిని వదిలేసి పోతుందని మనం వింటూ పెరిగాం. క్రైస్తవం అనేది వేరు: ఒళ్ళే తిరిగి లేస్తుందని. అంటే, ముట్టుకుంటే మైలని ఊరు వెలేసిన ఆ ఒళ్ళే దేవుడికి కావాలి! అంటరానివాడనిపించుకున్న మనిషికి ఇది చచ్చాక దొరికే మాట కాదు, ఆ పూటే తలెత్తుకునే మాట. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రికలో 15వ అధ్యాయమంతా పునరుత్థానం గురించే. చివరికి ఆయన తేల్చింది "కాబట్టి ఎదురుచూడండి" అని కాదు, మీ కష్టం వృథా పోదని. వెంటనే 16వ అధ్యాయం మొదలయ్యేది చందాల సంగతితో!

అయితే నల్లమందు వాదన పూర్తిగా తప్పా అంటే, కాదు. అజరయ్య పుట్టిన తమిళనాడులోనే, తిరుచ్చిలోని ఒక కాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులకీ, మిగతావాళ్ళ సమాధులకీ మధ్య గోడ కట్టారు. అందరూ లేచే రోజున ఎవరి వైపు వాళ్ళే లేస్తారా? మన తెలుగువాళ్ళ సంగతి సరేసరి. ఆదివారం ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, పెళ్ళి సంబంధం దగ్గర కులం అడిగే క్రైస్తవులు తక్కువేం కాదు.

చచ్చాక ఏముందో ఎవరూ రుజువు చెయ్యలేరు. కానీ ఆ నమ్మకం ఉన్నవాడు పక్కవాడి ఒంటిని, ఆకలిని, కులాన్ని ఎలా చూస్తున్నాడో ఇప్పుడే, ఇక్కడే చూడొచ్చు. నా లెక్కలో నిత్యజీవానికి పరీక్ష అదే. అందులో పాసవ్వని ఆశ నిజంగానే నల్లమందు.