ఊపిరితో పాటు మనసునూ కాపాడుకుందాం

జనవరి వచ్చిందంటే ఉయ్యూరులో తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్ముకుంటుంది. కోసిన చేలలో తగలబెట్టిన వరిగడ్డి పొగ, చెరకు ఆకు పొగ ఆ మంచులో కలిసి నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. ఫజ్ర్ నమాజుకు బయలుదేరే ఉబ్బస రోగికి మస్జిదు వరకు నడవడమే ఒక పరీక్ష. తీవ్రమైన ఉబ్బసం మనసుపై మోపే భారాన్ని గురించి ఈ నెల ముచ్చటించదలచాము.

మేమెరిగిన ఒక ఇంట కొత్త కోడలు తన ఇన్‌హేలర్‌ను బట్టల మధ్య దాచుకునేది. అత్తవారికి తెలిస్తే ‘రోగిష్టి పిల్ల’ అంటారని ఆమె భయం. రోజూ పీల్చవలసిన మందును రహస్యంగా వాడడం కష్టమై మానివేసింది. ఆయాసం వచ్చినప్పుడు వాడే మందుతోనే నెట్టుకొచ్చింది. ఒక గురువారం సాయంత్రం ఇంట్లో లోబాన్ పొగ వేశారు. ఆ అర్ధరాత్రి ఆమెను విజయవాడకు తరలించవలసి వచ్చింది. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది. అయితే ఆ ఆపదకు బీజం పడింది ఆమె మందు దాచుకున్న రోజునే.

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. సాల్బుటమాల్ ఆ బిగువును కొన్ని గంటలపాటు సడలిస్తుంది, వాపును తగ్గించదు. వాపును అదుపులో ఉంచేది బుడెసొనైడ్ వంటి పీల్చే స్టెరాయిడ్. వైద్యులు రోజూ వాడమన్నప్పుడు ఆయాసం లేని నాడు కూడా దానిని మానరాదు. ఏటా మృగశిర కార్తెకు చేప మందు కోసం హైదరాబాదుకు తరలివచ్చే వేలాది జనంలో, ఈ వ్యాధి ఒక్కసారిగా వదిలిపోవాలనే ఆరాటం కనిపిస్తుంది. ఆ ఆరాటం సహజమే. దానివల్ల రోజువారీ మందు ఆగిపోతే మాత్రం ప్రమాదం.

ఒకసారి ఊపిరందని బాధ అనుభవించిన వారిని, అది మళ్ళీ వస్తుందేమోననే భయం వెంటాడుతుంది. భయం వల్ల శ్వాస వేగమవుతుంది, ఛాతీ బిగిసినట్లవుతుంది, దానితో భయం రెట్టింపవుతుంది. దిగులు ముదిరినవారు మందు వేళలు తప్పుతారు. ఇది ఈమాన్ లోపమని ఎవరూ నిందించరాదు. ఛాతీ బాధను చెప్పుకున్నట్లే మనోవేదనను కూడా వైద్యులకు చెప్పుకోవాలి. టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది.

భయానికి మంచి విరుగుడు ముందస్తు ఏర్పాటు. రోజూ ఏ మందు, ఆయాసం పెరిగితే ఏం చేయాలి, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి అన్నవి వైద్యుల చేత కాగితంపై వ్రాయించుకోవాలి. పీక్ ఫ్లో మీటరులో ఊదితే, మన అత్యుత్తమ అంకెలో 80 శాతానికి పైన ఉంటే సాధారణంగా క్షేమం. 50 నుంచి 80 మధ్య ఉంటే జాగ్రత్త పడాలి. 50 కంటే తగ్గితే అత్యవసరం. వచ్చినది భయమో ఆయాసమో తెలియనప్పుడు ఆయాసంగానే భావించి మందు పీల్చాలి. ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలిరంగుకు మారినా, మందుతో ఉపశమనం కలగకపోయినా 108కి ఫోన్ చేయాలి.

రమజాన్‌లో మరొక సంకోచం ఎదురవుతుంది. ఇన్‌హేలర్‌తో రోజా భంగమవుతుందా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. కనుక నెల మొదలుకాకముందే వైద్యులనూ, మీరు విశ్వసించే ఆలిమ్‌నూ సంప్రదించండి. ఉదయం, సాయంత్రం వాడే మందును చాలామంది సహెరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోగలరు. రోగులు ఉపవాసాలను తరువాతి దినాలలో పూర్తిచేసుకునే వెసులుబాటును సూరా అల్ బఖరా 185వ ఆయత్ ప్రసాదించింది. ఊపిరి ఆడని క్షణంలో మందుకు వెనుకాడకండి.

ఇక ఇంటివారికి మా మనవి. లోబాన్, అగరుబత్తుల పొగ మానండి. తాలింపు వేసేటప్పుడు కిటికీలు తెరవండి. ఇన్‌హేలర్‌ను అందరికీ కనిపించే అలమరలో ఉంచండి. ‘ఈ రోజు మందు పీల్చావా బేటీ?’ అని అత్తగారే అడిగిన ఇంట, ఏ కోడలికీ దానిని దాచుకోవలసిన అగత్యం ఉండదు.