స్ప్రింగును కూడా చూడనివ్వండి: ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ

అయ్యా,

స్ప్రింగుకు కట్టిన బరువు ఊగే తీరును చెప్పే సరళహరాత్మక చలన సూత్రాలు ఇంటర్ పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. అదే స్ప్రింగు బీటెక్‌లో అవకలన సమీకరణమై ఎదురొస్తే గుర్తుపట్టరు. ఆ లోటును కొంతైనా పూడుస్తున్నవి ఆన్‌లైన్ పాఠాలే. ఎమ్‌ఐటీలో ఆర్థర్ మాటక్ 2003లో సుద్దముక్కతో చెప్పిన అవకలన సమీకరణాల పాఠాలనూ, మన ఎన్‌పీటెల్ వీడియోలనూ పిల్లలు హాస్టల్ గదుల్లో ఆపి ఆపి చూస్తున్నారు.

చూస్తే సరిపోతుందా? డ్యాంపింగ్ (ఊగడాన్ని అణచే నిరోధం) తక్కువైతే బరువు ఊగుతూ ఊగుతూ ఆగుతుంది. అది పెరిగి ఒక హద్దుకు చేరితే ఊగకుండానే చప్పున కుదురుకుంటుంది. తెర మీద ఇవి రెండు గీతలు, అంతే. స్ప్రింగుకు 200 గ్రాములు కట్టి, తర్వాత 800 చేస్తే ఆవర్తన కాలం దాదాపు రెట్టింపవుతుంది. ఊగే బరువును బకెట్ నీళ్లలో ముంచితే కంపన పరిమితి ఎలా తగ్గిపోతుందో కంటికే తెలుస్తుంది. దీనికయ్యే ఖర్చెంత?

వీడియో కోర్సుకు క్రెడిట్లు ఇచ్చేటప్పుడు, ఆ పాఠం నడిచే వారంలోనే ల్యాబ్‌లో రెండు గంటలు తప్పనిసరి చేయండి. గణితం వాళ్లనూ ఫిజిక్స్ వాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టండి (అసలు కష్టం అక్కడే ఉందనుకోండి). పరీక్షలో కొలిచిన గ్రాఫు ఇచ్చి, సమీకరణం రాయమనండి.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు